తాకకుండా వేసే రంగు: షట్టరు, థర్మాకోల్, గాజు, సెల్లోఫేన్ మీద స్ప్రే పెయింట్ ఎందుకు నిలుస్తుంది, ఎందుకు ఊడుతుంది

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో సికమోర్ అనే ఊళ్లో ఎడ్వర్డ్ సీమూర్ అనే పెయింట్ వ్యాపారి ఉండేవాడు. తన అల్యూమినియం రంగు ఎంత బాగుంటుందో కొనేవాళ్లకి చూపించడానికి సులువైన దారి వెతుక్కుంటుంటే, రంగుని స్ప్రే డబ్బాలో నింపి చూడమని భార్య బానీ సలహా ఇచ్చింది. అది 1949. ఆ రంగు వేయాల్సింది రేడియేటర్లకి. చలి దేశాల ఇళ్లలో గోడ వారగా, మడతలు మడతలుగా, సందులు సందులుగా ఉండే ఇనుప వస్తువది. ఆ సందుల్లో బ్రష్షు తిరగదు. అంటే స్ప్రే డబ్బా పుట్టిందే బ్రష్షుకి లొంగని ఉపరితలం కోసం. గోడల మీద అక్షరాలు, బొమ్మలు తర్వాత వచ్చిన సంగతి.

బ్రష్షు రుద్దుతుంది, స్ప్రే ఎగిరి వెళ్లి వాలుతుంది. తేడా అంతా అక్కడే ఉంది. గరుకు ఇటుకైనా, గాడులున్న షట్టరైనా, ముట్టుకుంటే ఊగే ప్లాస్టిక్ పొరైనా రంగు వేసే చెయ్యి దాన్ని తాకదు కాబట్టి గీత తెగదు. ఈ కళలో ఆకర్షణ చాలావరకు ఇక్కడినుంచే వస్తుంది, చిక్కు కూడా ఇక్కడే మొదలవుతుంది. ఎక్కడైనా వాలగలిగే రంగు ఎక్కడైనా నిలుస్తుందని చాలామంది అనుకుంటారు. మొదటి రోజు ఫొటోలో అన్నీ బాగానే ఉంటాయి. రెండో వానాకాలానికి షట్టరు మీది పులి మొహం అప్పడంలా పెచ్చులు లేస్తుంది. అది వేసిన చేతి తప్పు కాదు, రంగు కింద ఉన్నదాన్ని చూసుకోకపోవడం.

డబ్బా లోపల

మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే డబ్బా చాలావరకు 400 మిల్లీలీటర్లది. అందులో పొడి రంగు, దాన్ని అతికించే రెసిన్, రెండింటినీ పలచన చేసే ద్రావకాలు, బయటికి తోసే గ్యాసు ఉంటాయి. ఒకప్పుడు ఆ గ్యాసు క్లోరోఫ్లోరోకార్బన్. ఓజోన్ పొరకి చేటని 1978లో అమెరికా దాన్ని మాన్పించాక ప్రొపేన్, బ్యూటేన్, డైమిథైల్ ఈథర్ ఆ స్థానంలోకి వచ్చాయి. వీటిలో మొదటి రెండూ వంటగ్యాసులో ఉండేవే. ఈ గ్యాసు ఒత్తిడి వల్ల డబ్బాలో ద్రవంగా ఉంటుంది, మీట నొక్కగానే ఆవిరై రంగుని తుంపరలుగా చీల్చేస్తుంది. ఆవిరయ్యేటప్పుడు డబ్బాలోని వేడిని లాక్కుంటుంది కాబట్టి ఆపకుండా కొడుతూ పోతే డబ్బా చల్లబడి, ఒత్తిడి తగ్గి, తుంపర ముతకగా చిమ్ముతుంది. అప్పుడు డబ్బా మార్చి మొదటిదాన్ని కాసేపు పక్కన పెడితే మళ్లీ దారిలోకొస్తుంది. చికాగోలాంటి చోట చలికాలంలో రంగు వేసేవాళ్లు డబ్బాని కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచుతారు. పొయ్యి దగ్గర, హీటరు మీద పెట్టేవాళ్లూ ఉన్నారు. డబ్బా మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసేది ఊరికే కాదు, దాటితే పేలే ప్రమాదముంది.

ఊపితే టకటకలాడేది లోపలి గోలీ. అది కదలడం మొదలుపెట్టాక రెండు నిమిషాలు ఊపాలి, పని మధ్యలో ప్రతి అయిదారు నిమిషాలకి మళ్లీ ఊపాలి. తెలుపులో ఉండే టైటానియం డయాక్సైడ్ బరువైన పొడి, అడుగుకి తొందరగా దిగిపోతుంది. సగం డబ్బా పలచగా, మిగతా సగం ముద్దగా వచ్చిందంటే అర్థం అదే.

అంటడం వేరు, పట్టుకోవడం వేరు

కొత్త ఉపరితలం దొరికినప్పుడు మొదట దాని మీద ఒక నీటి బొట్టు వేసి చూడాలి. బొట్టు పరుచుకుంటే రంగూ పరుచుకుంటుంది. తామరాకు మీద లాగా గుండ్రంగా నిలబడితే జాగ్రత్తపడాలి. దీని వెనకున్నది ఉపరితల శక్తి, అంటే తన మీద పడ్డ ద్రవాన్ని లాగి పరిచే గుణం. శుభ్రమైన లోహానికి, గాజుకి అది ఎక్కువ. పాలిథిలీన్, పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌లకి మీటరుకి 30 మిల్లీన్యూటన్ల చుట్టుపక్కల, నాన్‌స్టిక్ పెనం పూత టెఫ్లాన్‌కి 20 లోపు. నీటి తలతన్యత 72 కాబట్టి వీటి మీద ముడుచుకుపోతుంది. ద్రావకంతో పలచబడ్డ రంగు తలతన్యత అంతకంటే చాలా తక్కువ. అందుకే పాలిథిలీన్ మీద కూడా అది పరుచుకున్నట్టే కనిపిస్తుంది, ఎండాక మాత్రం గోటితో గీరితే పొరలా లేచి వస్తుంది. అంటింది కాని పట్టుకోలేదు. పట్టు రావాలంటే రంగు గరుకులో దిగబడాలి, లేదా ద్రావకం పైపొరని కాస్త మెత్తబరిచి అందులో కలిసిపోవాలి, లేదా రెండింటి మధ్య రసాయన బంధం కుదరాలి. ఈ మూడింట్లో ఒక్కటీ లేనిచోట ఎన్ని కోట్లు వేసినా పెచ్చు మందమవుతుంది తప్ప పట్టు రాదు.

ద్రావకం మెత్తబరచడం మోతాదు మించితే తినేయడమే. హెల్మెట్ మీద బొమ్మలు వేయించుకునే సరదా ఇప్పుడు బాగా ఉంది. ఏబీఎస్, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్‌ల చిప్పల్లోకి అసిటోన్, టోల్యూన్ లాంటి ద్రావకాలు దిగితే కంటికి కనిపించని సన్నని పగుళ్లు పుడతాయి. బొమ్మ మెరుస్తూనే ఉంటుంది, దెబ్బ తగిలిన రోజు చిప్ప ఆగదు. రంగులు, ద్రావకాలు వాడొద్దని హెల్మెట్ల లోపల రాసేది అందుకే. తలకి పెట్టుకునేదాని మీద స్ప్రే వద్దు. అంతగా కావాలంటే గోడకి తగిలించుకునే పాత హెల్మెట్ ఉండనే ఉంది.

షట్టరు

మన ఊళ్లలో ఈ కళకి అందుబాటులో ఉన్న అతి పెద్ద అసాధారణ ఉపరితలం దుకాణం షట్టరు. చాలావరకు జీఐ రేకు, అంటే జింకు పూత పూసిన ఇనుము. జరిగే తప్పు ఎక్కువగా ఇక్కడే. పెయింటరు అలవాటు కొద్దీ రెడ్ ఆక్సైడ్ (ఇనుముకి ముందు వేసే ఎర్రటి అడుగు పూత) కొట్టి, పైన ఎనామెల్ వేస్తాడు. మామూలు రెడ్ ఆక్సైడ్, మామూలు ఎనామెల్, చౌక స్ప్రే డబ్బాల్లో చాలావరకు నూనెల నుంచి తయారైన ఆల్కిడ్ రెసిన్‌తో చేసినవి. తేమ చేరినప్పుడు జింకు ఆ రెసిన్‌తో కలిసి జింకు సబ్బు తయారవుతుంది. అక్షరాలా సబ్బే. రేకుకీ రంగుకీ మధ్య సబ్బు పొర ఏర్పడితే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. జింకు పూత లేని మామూలు ఇనుప గేటు మీద పదేళ్లు నిలిచిన అదే రెడ్ ఆక్సైడ్ జీఐ మీద రెండేళ్లు నిలవకపోవడానికి కారణం ఇదే. దానికి వేయాల్సింది ఎచ్ ప్రైమర్ (ఆమ్లంతో లోహాన్ని కాస్త కొరికి పట్టుకునే అడుగు పూత), లేదా జీఐకి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న అక్రిలిక్ లేదా ఎపాక్సీ ప్రైమర్.

కొత్త రేకు మీద ఫ్యాక్టరీ నూనె ఉంటుంది, పాతదాని మీద దుమ్ము, గ్రీజు, ఒక్కోచోట తెల్ల తుప్పు. ముందు సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. తెల్ల తుప్పు ఉన్నచోట నైలాన్ బ్రష్షుతో రుద్దాలి. వైరు బ్రష్షు జింకు పూతనే గీకేస్తుంది. తర్వాత థిన్నరు, రెండు గుడ్డలు. ఒకటి తడిది, వెనకే ఇంకోటి పొడిది. ఒకే గుడ్డతో తుడిస్తే గ్రీజు పోదు, షట్టరంతా సమంగా పరుచుకుంటుంది. షట్టరు జారే పక్క గాడిలో గ్రీజు ఎక్కువ, అక్కడ గుడ్డలు మారుస్తూ ఉండాలి. 320 నంబరు వాటర్ పేపరుతో మెరుపు పోయేంతవరకే రుద్ది, ఎచ్ ప్రైమరు ఎంత పలచగా వేయాలంటే కింద రేకు ఇంకా లీలగా కనిపించాలి. మందంగా వేస్తే అదే ఊడుతుంది. ఇదివరకే ఎనామెల్ ఉన్న షట్టరైతే వేలితో రుద్దండి. సున్నంలా పొడి అంటుకుంటే ఆ పొర చచ్చిపోయినట్టే, గీకి తీసేయాలి.

ఇక లెక్క. 8 అడుగులకి 8 అడుగుల షట్టరంటే దాదాపు 6 చదరపు మీటర్లు, గాడుల వల్ల అసలు వైశాల్యం ఇంకా ఎక్కువ. 400 మి.లీ. డబ్బా ఒక కోటుకి ఒకటిన్నర నుంచి రెండు చదరపు మీటర్లు కప్పుతుంది. అడుగు రంగే రెండు కోట్లు డబ్బాలతో వేస్తే ఏడెనిమిది డబ్బాలు బొమ్మ మొదలుకాకముందే ఖాళీ. అందుకే అనుభవమున్నవాళ్లు అడుగు రంగు రోలరుతోనో కంప్రెసర్ గన్‌తోనో వేసి, డబ్బాలు బొమ్మకి దాచుకుంటారు.

షట్టరు పట్టీ 75 మి.మీ. వెడల్పున ఉబ్బుగా ఉంటుంది. ఎదురుగా నిలబడి కొడితే ప్రతి ఉబ్బు కిందివైపూ పాత రంగు మిగిలిపోతుంది. ఎదురుగా చూసినప్పుడు తెలియదు, మెట్టు మీద కూర్చున్నవాడికి బొమ్మంతా చారలు కనిపిస్తాయి. ఒక కోటు పైనుంచి ఏటవాలుగా, ఇంకో కోటు కిందినుంచి ఏటవాలుగా వేస్తే ఆ చారలుండవు. మొహం గీసేటప్పుడు కన్ను కీలు మీద పడకుండా చూసుకోవాలి. కంటిపాప పట్టీ మధ్యలో ఇమిడేంత చిన్నదిగానైనా ఉండాలి, మూడు నాలుగు పట్టీలని మింగేంత పెద్దదిగానైనా ఉండాలి. రెండింటికీ మధ్య కొలతలో వేస్తే కన్ను విరిగినట్టుంటుంది. నిలువు గీతలు పక్కనుంచి చూస్తే పాములా మెలికలు తిరుగుతాయి, అడ్డగీతలని ఉబ్బు అంచునే వేస్తే పట్టీ గీతకి తోడొస్తుంది.

షట్టరు రోజూ చుట్టుకుంటుంది. పట్టీ మీద పట్టీ రాసుకుంటుంది. కాబట్టి నాలుగైదు పలచని పొరలు దాటకూడదు. రంగు ముట్టుకుంటే అంటకపోవడం ఆరడం కాదు. కనీసం ఒక రోజు, వీలైతే రెండు మూడు రోజులు షట్టరు దించే ఉంచాలి. ఎండాకాలం మధ్యాహ్నం తొందరపడి ఎత్తితే ఒక పట్టీ రంగు పక్క పట్టీకి అచ్చు పడుతుంది. దుకాణదారుతో ముందే మాట్లాడుకోవాల్సిన విషయం రంగుల ధర కాదు, ఈ సెలవు రోజులు.

ఇంత శ్రమ ఎందుకంటే, షట్టరు బొమ్మకి వేళలుంటాయి. దుకాణం తెరిస్తే బొమ్మ మాయం, మూస్తే ప్రత్యక్షం. పొద్దున్నే పాలకి వెళ్లేవాళ్లు, రాత్రి ఆలస్యంగా ఇంటికి చేరేవాళ్లే దాని ప్రేక్షకులు. ఆ వేళల వెలుగుని, వీధి దీపం రంగుని లెక్కలోకి తీసుకుని రంగులు ఎంచినవాడి బొమ్మకీ, ఫోన్‌లో చూసిందాన్ని దించినవాడి బొమ్మకీ ఎక్కడలేని తేడా ఉంటుంది. పసుపు దీపం కింద లేత పసుపు తెలుపులో కలిసిపోతుంది, నీలం నల్లబడుతుంది.

నీళ్ల ట్యాంకు, థర్మాకోల్

మేడ మీది నల్ల ట్యాంకు పాలిథిలీన్. పైన చెప్పిన మొండి ప్లాస్టిక్‌లలో ఒకటి. ముద్రణ పరిశ్రమలో దీన్ని లొంగదీయడానికి నీలి మంటతో ఒక్క క్షణం తాకించి పైపొరని ఆక్సీకరణం చేస్తారు. స్ప్రే డబ్బాలు పక్కన పెట్టుకుని మేడ మీద ఆ పని చేయడం తెలివితక్కువ. ప్లాస్టిక్ ప్రైమరు అని అమ్మేవాటిలో చాలావరకు కారు బంపర్ల పాలీప్రొపిలీన్ కోసం చేసినవి, పాలిథిలీన్ మీద అంతగా పనిచేయవు. 180 నంబరు కాగితంతో గరుకు చేసి, ఆ ప్రైమరు వేసి, ఏడాది రెండేళ్ల బొమ్మగా ఒప్పుకుని వేయొచ్చు. ఎండకి ట్యాంకు వ్యాకోచిస్తుంది, రాత్రికి ముడుచుకుంటుంది, గట్టి రంగు ఆ కదలికకి తట్టుకోదు. వెలిసినా ఫర్వాలేదనే బొమ్మే ట్యాంకుకి సరిపోతుంది.

థర్మాకోల్‌ది పూర్తిగా ఎదురు కథ. వినాయక చవితి మండపాల్లో, పెళ్లి స్టేజీల వెనక చూస్తుంటాం, బంగారు రంగు కొట్టగానే అక్షరం అంచు జల్లెడలా గుంటలు పడుతుంది. థర్మాకోల్ పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్ నురగ, దాన్ని స్ప్రే రంగుల్లోని టోల్యూన్, అసిటోన్ కరిగిస్తాయి. అందులో తొంభై శాతానికి పైగా గాలే కాబట్టి కరిగేది కొంచెమే అయినా పోయే ఆకారం చాలా. ముందు నీటి రంగు, అంటే ఎమల్షన్ రెండు కోట్లు వేయాలి, లేదా ఫెవికాల్ రెండు పాళ్లు, నీళ్లు ఒక పాలు కలిపి రెండు మూడు సార్లు పూయాలి. ఒక్కో పూతకి మూడు నాలుగు గంటలు ఆరనివ్వాలి. మోసం ఎప్పుడూ కోసిన అంచుల్లో, గుండుసూది గుచ్చిన రంధ్రాల్లో ఉంటుంది. ఒక్క రంధ్రం మిగిలితే ద్రావకం అందులోంచి దూరి లోపల గుహ తొలిచేస్తుంది, పైన పూత మాత్రం చెక్కు చెదరనట్టే ఉంటుంది. పూత ఆరాక 30 సెం.మీ. దూరం నుంచి మంచులా పలచగా మొదలుపెట్టాలి. కొందరు ఈ కరగడాన్నే వాడుకుని కొండరాళ్లు, లావా పొరలు చేస్తారు. ఫలితం నిజంగా బాగుంటుంది. ఆ ఆవిరి మాత్రం మంచిది కాదు, ఆరుబయటే చేయాలి.

గాజు, సెల్లోఫేన్

శుభ్రమైన గాజుని రంగు బాగానే తడుపుతుంది. శుభ్రమైన గాజు దొరకడమే కష్టం. వేలిముద్ర చాలు, తలనూనె రాసుకున్న చెయ్యి అయితే ఇంకా మేలు చెడగొట్టడానికి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆ తర్వాత అంచులు మాత్రమే పట్టుకోవాలి. రంగులో చిన్న చిన్న గుండ్రటి గుంటలు చేప కళ్లలా తెరుచుకుంటే కింద నూనె గాని సిలికాన్ గాని ఉన్నట్టు. టైరు పాలిష్, కారు డాష్‌బోర్డు పాలిష్ ఆ గదిలో ఎప్పుడో కొట్టినా అది చేరుతుంది. పైన ఇంకో కోటు వేస్తే గుంట పూడదు, మొత్తం తుడిచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. గాజు వెనకనుంచి వేసి ముందునుంచి చూసే పద్ధతి తంజావూరు గాజు చిత్రాల వాళ్లకి పాతదే, స్ప్రేకి కూడా అది బాగా కుదురుతుంది. రంగు గాజు వెనక దాక్కుంటుంది కాబట్టి గీతలు పడవు. కాకపోతే క్రమం తలకిందులు. కంటిలోని తెల్ల చుక్క మొదట, నేపథ్యం చివర.

2009లో ఫ్రాన్సులో ఆస్ట్రో, కానోస్ అనే ఇద్దరు గ్రాఫిటీ కళాకారులు గోడే లేనిచోట గోడ కట్టారు. వాడుకలో సెల్లోఫేన్ అనే, సరుకులు చుట్టే ప్లాస్టిక్ ఫిలింని రెండు స్తంభాల మధ్యో, రెండు చెట్ల మధ్యో బిగించి చుట్టి దాని మీద రంగు వేశారు. సెల్లోగ్రాఫ్ అన్న పేరు అలా వచ్చింది. రంగు లేనిచోట వెనక వీధి, ఆకాశం కనిపిస్తాయి, బొమ్మ గాల్లో నిలబడ్డట్టుంటుంది. ఫిలిం కూడా పాలిథిలీన్ కుటుంబమే, పట్టుకోదని తెలిసిన ఉపరితలమే. అయినా ఇక్కడ అది లోపం కాదు, ఆ బొమ్మ బతకాల్సింది రెండు మూడు రోజులే. చుట్టేటప్పుడు నాలుగైదు పొరలు ఒకే బిగువులో రావాలి, వదులుగా ఉంటే గాలికి కొట్టుకుని అప్పుడే వేసిన రంగు చిట్లుతుంది. ఫిలిం ఏమీ పీల్చదు కాబట్టి గోడకి వేసే చేత్తో వేస్తే రంగు కారిపోతుంది, సగం మోతాదుతో రెండుసార్లు వెళ్లాలి. అయిపోయాక ఫిలిం విప్పి తీసుకెళ్లాలి. అడవిలో వదిలేసిన సెల్లోఫేన్ చెత్త తప్ప మరోటి కాదు. బతికున్న చెట్టు బెరడు మీద, హైదరాబాద్ కొండల గ్రానైట్ బండల మీద మాత్రం స్ప్రే వేయకపోవడమే మంచిది. బండ గింజల మధ్య దిగిన రంగుని తీయాలంటే బండని కూడా గీకాలి.

గోడ గురించి కొద్దిగా

పశ్చిమ బెర్లిన్ వైపు నుంచి బెర్లిన్ గోడ అంతగా రంగులు పూసుకోవడానికి రాజకీయంతో పాటు ఒక సాదా కారణమూ ఉంది. 1970ల నడుమ నుంచి కట్టిన కొత్త గోడ 3.6 మీటర్ల ఎత్తున్న, అచ్చులో పోసిన నున్నటి కాంక్రీటు పలకల వరస. కాన్వాసుకి అంతకంటే ఏం కావాలి? మన గోడలు అలా ఉండవు. హైదరాబాద్‌లో ఎం.ఎస్. మక్తా బస్తీ ఇళ్ల గోడల మీద 2016లో వీధి కళ సంస్థ స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వేయించిన బొమ్మలు పాత సున్నాలు, అతుకులు, కిటికీలు, పైపులు ఉన్న మామూలు గోడల మీదే వచ్చాయి. కొత్త ప్లాస్టరు కనీసం 28 రోజులు ఆరాలి. సిమెంటు క్షారం ఎనామెల్‌ని జింకు లాగే సబ్బు చేస్తుంది. అనుమానముంటే 45 సెం.మీ. చదరం ప్లాస్టిక్ షీటు గోడకి నాలుగు వైపులా టేపుతో అతికించి 16 గంటలు వదిలేయండి. లోపల చెమట పడితే గోడ ఇంకా తడిదే. కుండలదీ ఇదే సమస్య. మొక్క పెట్టిన మట్టికుండ లోపలినుంచి నీళ్లు ఊరి రంగుని బయటికి నెడతాయి, లోపల సీలు చేయకుండా బయట ఎంత బాగా వేసినా లాభం లేదు.

చెయ్యి, వాతావరణం

మామూలు క్యాపుతో, అంటే డబ్బా మీద నొక్కే మీటతో, 15 నుంచి 25 సెం.మీ. దూరం. సన్న గీతకి సన్న క్యాపు, నాలుగైదు సెం.మీ. దూరం, వేగంగా కదిలే చెయ్యి. నెమ్మదిగా వెళ్తే సన్న గీత రాదు, కారడం వస్తుంది. చెయ్యి కదలడం మొదలయ్యాక నొక్కాలి, కదులుతుండగానే వదలాలి, లేకపోతే గీత రెండు కొసల్లో ముద్దలు. క్యాపుల్లో కాడ క్యాపుకి ఉండేవి, కాడ వాల్వుకి ఉండేవి రెండు రకాలు, ఒకదాని స్థానంలో ఇంకోటి కూర్చోదు. పని ఆపినప్పుడు డబ్బా తలకిందులు చేసి రంగు పోయి గ్యాసు మాత్రమే వచ్చేదాకా నొక్కితే క్యాపు మూసుకుపోదు. అలా పదిహేనుసార్లు చేస్తే మాత్రం అడుగున రంగు మిగిలి, తోసే గ్యాసు అయిపోతుంది.

రెండో కోటు వేళ తప్పితే రంగు ముడతలు పడుతుంది. చాలా ఎనామెల్ డబ్బాల మీద గంటలోపు, లేదా 24 గంటలో 48 గంటలో దాటాక అని రాసి ఉంటుంది. ఆ మధ్యలో పైపొర సగం గట్టిపడి, కొత్త ద్రావకం తగలగానే ఉబ్బి లేస్తుంది. మే నెల మధ్యాహ్నం తుంపర గాల్లోనే ఎండి పొడిలా వాలుతుంది, చేత్తో రుద్దితే ఇసుక కాగితంలా ఉంటుంది. ఎండలో ఉన్న షట్టరు రేకు మరీ వేడి, పొద్దున ఆరు నుంచి ఎనిమిదిలోపు పని కానివ్వాలి. విశాఖ, కాకినాడ తేమలో వానాకాలం లక్కరు రకం రంగు (ద్రావకం ఆవిరవడం వల్లే ఆరేది) తెల్లటి పొగ పట్టినట్టవుతుంది. ద్రావకం ఆవిరవుతూ రంగు పొరని చల్లబరిచి, గాలిలోని తేమని దాని మీదికే కురిపిస్తుంది. అది రంగు తప్పు కాదు, రోజు తప్పు. ఇక మూతికి కట్టుకునే ఎన్95 తుంపరని ఆపుతుంది, ద్రావకం ఆవిరిని ఆపదు. దానికి ఆవిరిని పీల్చే బొగ్గు కార్ట్రిడ్జి ఉన్న మాస్కు, ముందు ధూళి ఫిల్టరు కావాలి. చుట్టుపక్కల మంట, సిగరెట్టు ఉండకూడదు.

ఏ ఉపరితలమైనా కనిపించని మూలలో అరచెయ్యంత మేర మొత్తం పొరలన్నీ వేసి వారం వదిలేయాలి. తర్వాత కొత్త బ్లేడుతో రెండు మి.మీ. ఎడంగా అడ్డంగా ఆరు, నిలువుగా ఆరు గాట్లు పెట్టి, గట్టి టేపు అతికించి ఒక్కసారి లాగాలి. గళ్లు చెక్కుచెదరకపోతే పని మొదలుపెట్టొచ్చు. ఊడితే టేపు వెనక చూడండి. ప్రైమరు రంగు కూడా వచ్చిందంటే తేడా రేకు దగ్గర, పైరంగు మాత్రమే వచ్చిందంటే రెండు కోట్ల మధ్య వేళ తప్పింది.